అన్నం లేని చారు

మిర్చి యార్డులో తుమ్మితే ఎవరూ తల తిప్పి చూడరు.
కాటా దగ్గర నేను, బస్తాలు కుట్టే సాంబులు,
చీటీలు రాసుకునే కమీషను కొట్టు కుర్రాడు,
అందరం పొద్దుట్నుంచి తుమ్ముతూనే ఉంటాం.
అందుకే ఇది జలుబని
మూడో రోజు దాకా నాకు తెలీలేదు.
తేజ రకం బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి
గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
ఏమీ లేదు.
ఎర్రటి ఎండుగడ్డి.

కొత్తపేటలో డాక్టరు గొంతులోకి లైటు వేశాడు,
ఆ తర్వాత వేలు గుచ్చాడు.
రెండొందల అరవై ఎనిమిది.
"జలుబు వారంలో పోద్ది పెద్దాయనా,
ఈ అంకె ఊరికే పోదు. అన్నం జోలికెళ్ళకు."
గంజి? అన్నాను.
తల ఊపాడు, అడ్డంగా.
రాగి జావ?
అడ్డంగా.
పాలల్లో రెండు బ్రెడ్డు ముక్కలు?
చీటీ చించి చేతిలో పెట్టాడు.

మా అమ్మ బతికుంటే ఆ మెట్లెక్కి పోట్లాడేది.
జలుబంటే ఆమెకి తెలిసిన మందు ఒకటే,
పొగలు కక్కే అన్నం, రోట్లో నూరిన వెల్లుల్లి కారం,
మధ్యలో గుంట చేసి నెయ్యి.
మొదటి ముద్దకి ముక్కు కారాలి,
రెండో ముద్దకి కళ్ళు,
మూడోది మింగేలోపు
"ఇంక లే, బడికి పో" అనేది.

రాజ్యం ఆ రాత్రి కంచం పెట్టలేదు.
గ్లాసు పెట్టింది.
మిరియాలు, జీలకర్ర, పొట్టుతో చిదిమిన వెల్లుల్లి,
ఉండీ లేనట్టు చింతపండు.
ముద్దలో ఇంకి, వేళ్ళ సందుల్లో జారి
మణికట్టు దాకా పారాల్సిన చారు
స్టీలు గ్లాసులో నిటారుగా నిలబడింది,
ల్యాబులో ఇవ్వడానికి పట్టినట్టు.
"నవ్వకుండా తాగు" అంది, తనే ముందు నవ్వి.

తాగాను.
గొంతులో ఎక్కడో ఒక గడియ తీసిన చప్పుడు.
కుడి ముక్కు తెరుచుకుంది,
మళ్ళీ వెంటనే మూసుకుంది.

పక్క పోర్షన్ నాగూర్‌బీకి గోడ ఇవతలి దగ్గు వినపడింది.
తెల్లారేసరికి క్యారేజీ గిన్నెతో గుమ్మంలో ఉంది.
"పాయా అన్నా. రాత్రంతా సన్నసెగ మీదే ఉంది.
రొట్టెలు ఇంట్లోనే పెట్టొచ్చా, నువ్వు చూడకూడదని."
పసుపు పచ్చటి చిక్కదనం. లవంగం తగిలింది.
ఎముక చీకుతుంటే నా చప్పుడు నాకే సిగ్గేసింది.
పెదాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి,
ఆ కాసేపు గంజి మాట ఎత్తలేకపోయాను.

మధ్యాహ్నం రాజ్యానికి ఒక ఆలోచన వచ్చింది.
ఉడికిన గుడ్డు రెండుగా చీల్చి,
మా అమ్మ వెల్లుల్లి కారం అద్ది,
పైన వేడి నెయ్యి.
తెల్లగా ఉంది. వేడిగా ఉంది.
కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకున్నాను.
అన్నం కాదు.
కాదు గానీ
మొదటి ముక్కకే ముక్కు కారింది.
తువ్వాలు అందిస్తూ రాజ్యం
"జలుబుకేనా?" అంది.
జలుబుకే, అన్నాను.

సత్తెనపల్లి నుంచి చెల్లెలు ఫోను.
"అన్నం తిన్నావా అన్నయ్యా?"
తిన్నానమ్మా.
రాజ్యం కనుబొమ్మలు పైకి లేచాయి.
అబద్ధం కాదే,
ఆకలి తీరిందా అని అడగడానికి
మనకి ఇంకో మాట నేర్పలేదు ఎవరూ.
గుడ్డు తిన్నానంటే
అది ఇంకో గంట ఏడుస్తుంది.

ఐదో రోజు రాత్రి
దుప్పటి ముసుగులో ఉండగా వాసన తిరిగొచ్చింది.
ముందు మిరపకాయ వస్తుందనుకున్నాను,
నలభై ఏళ్ళ చుట్టం కదా.
కాదు.
గోడ అవతల నాగూర్‌బీ కుక్కరు
మూడో కూత వేసి ఆవిరి వదిలింది.
లేచి కూచున్నాను.
చీకట్లో రాజ్యం చెయ్యి నా ఛాతీ మీద పడింది.
"పడుకో. పొద్దున మునగాకు వేయించి పెడతా,
కొబ్బరి కూడా వేస్తా."

పడుకున్నాను.
ఆ ఆవిరి ఉన్నంతసేపు
రెండు ముక్కులతో గట్టిగా పీల్చాను.
దీని సంగతి డాక్టర్ని అడగలేదు.
అడగను కూడా.